నా ఆలోచనే మా మరిది కాలు విరగ్గొట్టిందా?

మిర్యాలగూడ వైపు నుంచి ఒక చెల్లెలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆమెకు 38 ఏళ్లు. ఒక రైస్‌మిల్లులో లెక్కలు రాస్తారు. ఇంటాయనది వ్యవసాయం. ఇంట్లో పక్షవాతంతో మంచాన పడ్డ అత్తమ్మ, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే బిడ్డ ఉన్నారు. రెండేళ్ల కింద పక్కింటి వదిన వెంట ధ్యానం నేర్పే ఒక చోటికి పోవడం మొదలుపెట్టారు. మొదటి ఆరు నెలలు బాగుంది. కోపం తగ్గింది, పడుకోగానే నిద్ర పట్టేది. ఆ తర్వాత, చనిపోయిన నాయిన ట్రంకుపెట్టెలో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వారి పాత తెలుగు పుస్తకాలు దొరికాయి. నాయిన బడిపంతులు, అవన్నీ ఆయన గీతలు గీసి చదివినవి. మనం చేసే ప్రతి ఆలోచనా సూక్ష్మలోకంలో ఒక రూపం కడుతుందని, ఎవరి గురించి అనుకుంటే వాళ్ల దగ్గరికి అది పోయి తాకుతుందని వాటిలో చదివారు. ధ్యానం నేర్పేవాళ్లు కూడా అదే అన్నారు: "ఆలోచన అంటే బాణం అమ్మా, వదిలితే ఇక మీ చేతిలో ఉండదు."

గత ఏడాది పొలం పంచుకున్నారు. కాలువ పక్క మడి మరిదికి పోయింది. వీళ్లకు చివరి తూముకు అవతల, నీళ్లు వస్తే వచ్చినట్టు రాకపోతే లేనట్టు ఉండే ముక్క మిగిలింది. ఆ రాత్రి ఆమె, "వీనికేమన్న అయితే నా కడుపు చల్లబడుతది" అనుకున్నారు. ఎనిమిది రోజులకు మరిది రాత్రిపూట బండి మీద వస్తూ, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్ప ఎక్కి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది, రాడ్ వేశారు.

అప్పటినుంచి ఆమెకు తన ఆలోచనలంటేనే భయం. చెడ్డ ఆలోచన వస్తే 11 సార్లు శాంతి మంత్రం అనుకోవాలి. మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి. తెల్లారి మూడున్నరకు లేచి రెండు గంటలు కూర్చుంటున్నారు, నిద్ర నాలుగు గంటలే. మిల్లులో 412 బస్తాలను 421 అని రాసి సేటుతో మాటలు పడ్డారు. బిడ్డ బస్సెక్కినప్పుడు మనసులో ప్రమాదం బొమ్మ కనబడితే, ఆ బస్సు కాలేజీ చేరిందని ఫోన్ వచ్చేదాకా పెన్ను పట్టలేకపోతున్నారు. ధ్యానం నేర్పేవాళ్లేమో, ఆలోచనలు పూర్తిగా ఆగితే తప్ప ఇది పోదని, కార్తీకంలో మొదలయ్యే 40 రోజుల మౌన దీక్షకు రమ్మని అంటున్నారు. ఆమె అడిగినవి మూడు. నా ఆలోచనే అతని కాలు విరగ్గొట్టిందా? ఆలోచన ఆపమని వీళ్లంటారు, ఆలోచన శక్తి అని నాయిన పుస్తకాలంటాయి, ఏది పట్టుకోవాలి? దీక్షకు పోవాలా, వద్దా?

చెల్లెమ్మా,

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాకే మిగతా మాటలు. మీ ఆలోచన మీ మరిది కాలు విరగ్గొట్టలేదు. వడ్లు విరగ్గొట్టాయి. కల్లాల్లో చోటు చాలక తారు రోడ్డు మీద సగందాకా వడ్లు పోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చి, పొద్దుగూకితే నల్ల టార్పాలిన్ కప్పి పోతారు. చీకట్లో ఆ నలుపు రోడ్డు నలుపులో కలిసిపోతుంది. మన జిల్లాలో కోతల కాలం రాత్రి బండి నడిపినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. తేమ 17 శాతానికి దిగితే తప్ప కొనుగోలు సెంటర్లో కాంటా పెట్టరని రైతు తిప్పలు రైతుకు. ఆ తిప్పలేమిటో మిల్లులో కూర్చునే మీకు నాకన్నా బాగా తెలుసు. అంత తెలిసి కూడా, ఆ ప్రమాదానికి కారణం వెతికినప్పుడు వడ్లను, రాళ్లను, చీకటిని, బండి లైటును అన్నింటినీ పక్కకు నెట్టి మీ ఒక్క ఆలోచననే ముందు నిలబెట్టారు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటారు. కందూరు చోళుల కాలపు గుడి. గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. చిన్నప్పుడు మా మేనత్త వెంట పోయినప్పుడు, ఏ స్తంభానిది ఆ నీడ అని ఒక్కొక్కదాని ముందు చెయ్యి అడ్డం పెట్టి చూశాను. ఏదీ కాదు. అది ఏ ఒక్క స్తంభం నీడా కాదని, ముందున్న స్తంభాల నడుమనుంచి వేర్వేరు దిక్కుల వెలుగు లోపలికి వచ్చి అట్లా కడుతుందని తర్వాత తెలిసింది. మీరు నీడను చూసి ఒక స్తంభాన్ని కౌగిలించుకున్నారు.

ఇంకొకటి. మీరు లెక్కలు రాసే మనిషి కదా, ఈ లెక్క కూడా చూడండి. పంపకాలకు ముందు, తర్వాత, మరిది గురించి అట్లాంటి మాట ఎన్నిసార్లు అనుకున్నారు? సేటు గురించి? కరెంటు పోయినప్పుడు లైన్‌మన్ గురించి? వాళ్లకేమీ కాలేదు. అవి మీ చిట్టాలో ఎక్కలేదు. ఒక్కటి మాత్రం, అదీ ఎనిమిది రోజులు ఆలస్యంగా, ఎక్కింది. తక్‌పట్టీలు, అదే వడ్ల తూకం చీటీలు, వంద చింపేసి ఒక్కటి చూపించి, ఇదే సీజను లెక్క అంటే మీరు ఒప్పుకుంటారా?

ఇక నాయిన పుస్తకాల మాట. వాటిని కొట్టిపారేయను, ఎందుకంటే ఇరవై ఏళ్ల వయసులో నేనూ అవే చదివాను, నేనూ భయపడ్డాను. దివ్యజ్ఞాన సమాజం 1875లో న్యూయార్కులో పుట్టింది. బ్లావట్‌స్కీ, ఆల్కాట్ మొదలుపెట్టారు. 1882లో కేంద్రం మద్రాసు అడయారుకు వచ్చింది. 1907లో అనీబిసెంట్ అధ్యక్షురాలయ్యారు. ఆలోచనలు రూపం కడతాయనే సంగతి మీద ఆమే, అదే సమాజంలోని లెడ్‌బీటరూ కలిసి రంగుల బొమ్మలతో పుస్తకం వేశారు. కోపం ఎరుపు, భక్తి నీలం, బుద్ధి పసుపు. ఆ లెక్కన బస్తాలు కూడేటప్పుడు మీ చుట్టూ అంతా పసుపే ఉండాలి! ఇవన్నీ దివ్యదృష్టితో చూశామని వాళ్లు చెప్పినవి. మీకూ నాకూ సరిచూసుకునే దారి లేదు. అది మరచిపోకుండా చదవాలి.

అయినా ఒకమాటకు వాళ్లు చెప్పిందే నిజమనుకుందాం. అప్పుడు కూడా మీ భయానికి అక్కడ చోటు లేదు. ఆలోచన గుణాన్ని బట్టి రంగు, స్వభావాన్ని బట్టి ఆకారం, ఎంత స్థిరంగా ఉందన్నదాన్ని బట్టి అంచులు తేరడం అని వాళ్లు మూడు సూత్రాలు చెప్పారు. అంటే ఒక నిమిషం మండి ఆరిపోయిన కోపం వాళ్ల లెక్కలో కూడా పొగమబ్బే. ఇంకా ఏమన్నారంటే, పంపిన ఆలోచనకు తగిన పదార్థం ఎదుటి మనిషి సూక్ష్మశరీరంలో ఉంటేనే అంటుకుంటుంది, లేకపోతే వెనక్కి తిరుగుతుంది అన్నారు. ఎముకలు విరగ్గొట్టే బాణం ముచ్చట ఇందులో ఎక్కడుంది? ధ్యానం నేర్పేవాళ్లు సగం విని సగం చెప్పినట్టున్నారు.

ఆ తత్వంలో అసలు పట్టుకోవాల్సిన మాట వేరే ఉంది. మన రోజువారీ ఆలోచనను వాళ్లు కామమనస్సు అన్నారు. ఆలోచించే శక్తి ఒకటి, కోరిక, భయం, పగ ఇంకొకటి. రెండూ పాలు నీళ్లలా కలిసిపోయి మనకు ఒక్కటిగా కనబడతాయి. ధ్యానం పని ఆ రెంటినీ విడదీయడం. ఆలోచించే శక్తి నిలవాలి, దానికి అంటుకున్న భయం వదలాలి. మీ విషయంలో తిరగబడింది: ఆలోచనను చంపబోయి భయాన్ని పెంచుకున్నారు. 11 సార్లు మంత్రం, తప్పితే మళ్లీ మొదటికి. మంత్రం మంచిదే కావచ్చు, కానీ దాన్ని నడిపిస్తున్నది భయం. ఆ పుస్తకాల భాషలోనే చెప్పాలంటే, ఆ రెండు గంటలూ మీరు కామమనస్సుకే మేత వేస్తున్నారు.

రెండో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే వచ్చింది. మిగతా సగం యోగసూత్రాలు చెప్పిన పతంజలి దగ్గర ఉంది. చిత్తవృత్తులు, అంటే మనసులో లేచే కదలికలు, ఆగడమే యోగం అన్నాడని అందరూ చెబుతారు. ఆ తర్వాత నాలుగు సూత్రాలు కూడా దాటకముందే, వృత్తులు రెండు రకాలు అన్నాడు: క్లిష్టం, అక్లిష్టం. బాధించేవి, బాధించనివి. సరైన జ్ఞానాన్ని కూడా, అంటే ప్రమాణాన్ని కూడా, వృత్తుల్లోనే లెక్కబెట్టాడు. అంటే 412ను 412 అని రాయడం కూడా ఒక వృత్తే, అదేమీ పాపం కాదు. ధ్యానం అనే మాటకు అర్థం చెప్పినప్పుడు కూడా ఆలోచన లేని ఖాళీ అనలేదు. ఒకే ప్రత్యయం, అంటే ఒకే తలపు, తెగకుండా సాగడం అన్నాడు. మనవాళ్లు దాన్నే తైలధార అంటారు. ధార ఉండాలంటే నూనె ఉండాలి కదా.

ఆలోచనలన్నీ ఆగిన స్థితి ఉండదని నేను అనను. నేను చూడలేదు, చూశామన్నవాళ్లను కాదనలేను. అది దారి చివరన ఉందని చెప్పిన దాన్ని గడప దగ్గరే అడగడం మాత్రం తప్పు. బుద్ధుడు తన భిక్షువులకు నేర్పిన పాఠంలో ఎంత సాదా మాట ఉందో చూడండి: ద్వేషం ఉన్న మనసును ద్వేషం ఉన్న మనసు అని తెలుసుకోవాలి. తరిమేయమని కాదు, 11 సార్లు కడగమని కాదు. తెలుసుకోవడం అంతే.

రుడాల్ఫ్ స్టైనర్ అని జర్మన్ దేశంలో ఒకాయన ఉండేవాడు. 1902లో అక్కడి దివ్యజ్ఞాన శాఖకు కార్యదర్శి అయ్యాడు, పదేళ్లకు విడిపోయి తన దారి తాను వేసుకున్నాడు. ఆయన చెప్పిన చాలా సంగతులు నాకు మింగుడుపడవు. ఒకటి మాత్రం పడింది. మామూలు ఆలోచనే మనిషికి చేతికందిన మొదటి ఆధ్యాత్మిక అనుభవం అన్నాడు. సాధన మొదలుపెట్టేవాళ్లకు ఆయన ఇచ్చిన పని ఏమిటంటే, గుండుసూదో పెన్సిలో లాంటి ఆకర్షణ ఏమీ లేని వస్తువును తీసుకుని ఐదు నిమిషాలు దాని గురించి మాత్రమే, వరుస తప్పకుండా ఆలోచించడం. దేవుడు, వెలుగు, చక్రాలు ఏవీ లేవు. జ్ఞానంలో ఒక అడుగు వేయాలంటే నడతలో మూడు అడుగులు వేయాలని కూడా అన్నాడు. అటు మన మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టిన సంఘాన్ని 1929లో తానే రద్దు చేసి, పద్ధతులే వద్దన్నాడు. ఈ ముగ్గురు నలుగురికీ ఒకరికొకరికి పడలేదు. కానీ ఇంటిపని మానేసి, నిద్ర మానేసి, తన తలకాయను చూసి తానే భయపడమని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీ ఉత్తరంలో ఏడో పేజీ చదివినప్పుడు నాకు ఇది ఆధ్యాత్మిక సమస్య అనిపించలేదు. అనుకుంటే జరిగిపోతుందనే భయం, దాన్ని పోగొట్టుకోవడానికి లెక్కపెట్టి చేసే పని, లెక్క తప్పితే మళ్లీ మొదలు, ఫోన్ వచ్చేదాకా ఊపిరాడకపోవడం. మానసిక వైద్యులు ఇలాంటివాళ్లను చాలామందిని చూస్తుంటారు. దీనికి చికిత్స ఉంది, మందులూ ఉన్నాయి, మాట్లాడి మెల్లగా ఆ 11ను 5కు, 5ను సున్నాకు తెచ్చే పద్ధతీ ఉంది. మీకు అదే జబ్బని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, చెప్పకూడదు. ఒకసారి చూపించుకుంటే తేలిపోతుంది. ఊళ్లో ఎవరన్నా చూస్తారని మొహమాటమైతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. ఇంటాయనకు చెప్పే చేయండి. ధ్యానం సంగతులు ఇంట్లో చెప్పొద్దని మీకు ఎవరో అన్నారట. ఇంట్లో చెప్పుకోలేని సాధన అంటే నాకు మొదటినుంచీ అనుమానం.

ఇక దీక్ష. పోతే ఏమవుతుంది? మీకు ఇప్పుడున్న భయంతో 40 రోజులు మాటాపలుకూ లేకుండా కూర్చుంటే, మీతో మాట్లాడేది ఆ భయం ఒక్కటే. నిద్ర తక్కువగా ఉన్న మనిషికి గంటల తరబడి కూర్చోవడం ఒక్కోసారి మేలు కన్నా కీడు చేస్తుంది. పైగా కార్తీకం అంటే వానాకాలం వడ్లు మిల్లుకు దిగే రోజులు, లారీలు గేటు దాకా వరుస కడతాయి. సేటు అప్పుడు సెలవు ఇవ్వడు, ఇస్తే తిరిగి వచ్చేసరికి మీ కుర్చీలో ఇంకొకరుంటారు. అత్తమ్మను ఎవరు తిప్పి పడుకోబెడతారన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. బహుశా మీ బిడ్డే. మరోవైపు, ఆ చోటు మీకు మొదటి ఆరు నెలలు మంచి చేసిందన్నది కూడా నిజం. అక్కడి మనుషులు మోసగాళ్లని నేను అనుకోవడం లేదు. వచ్చే ఎండాకాలం మీ నిద్ర కుదురుకుని, డాక్టరు సరే అంటే, పది రోజులకో వారానికో పోవచ్చు. అప్పటికీ పోవాలనిపిస్తేనే.

అన్నీ మానేస్తే? అదీ ఒక దారే, చాలామంది అదే చేయమంటారు. కొన్ని రోజులు హాయిగా ఉంటుంది. కానీ మీ భయం ధ్యానంలో పుట్టలేదు, ఒక నమ్మకంలో పుట్టింది. కూర్చోవడం మానేసినా ఆ నమ్మకం బస్సు వెంట పోతూనే ఉంటుంది. కోపాన్ని తగ్గించిన ఒక్క అలవాటూ చేయి జారుతుంది.

మూడోది, నా మొగ్గు దీనివైపే: తగ్గించుకోవడం. మూడున్నర అలారం తీసేయండి. ఆరు గంటలకు తక్కువ కాకుండా పడుకోండి. పొద్దున పదిహేను నిమిషాలు చాలు. కళ్లు మూసుకుని ఖాళీ కోసం కాచుకోకండి. మిల్లునుంచి ఒక వడ్లగింజ తెచ్చి అరచేతిలో పెట్టుకోండి. ఇది ఏ రకం? సన్నమా దొడ్డా? సాగర్ ఎడమ కాలువ నీళ్లు తాగిందా, బోరు నీళ్లా? నారు ఎప్పుడు పోసి ఉంటారు? పొట్టు ఎంత, తవుడు ఎంత, బియ్యం ఎంత? నడుమ మరిది వస్తాడు, బిడ్డ బస్సు వస్తుంది. వచ్చిందని తెలుసుకుని మళ్లీ గింజ దగ్గరికి రండి. మంత్రం చదవకండి. మొదటి వారం ఇది కష్టంగా ఉంటుంది, మంత్రం చదవకపోతే ఏదో అవుతుందని గుండె దడదడలాడుతుంది. ఆ దడను డాక్టరుకు చెప్పండి, సాధనలో లోపం అనుకోకండి. రాత్రి పడుకునే ముందు ఆ రోజును వెనకనుంచి ముందుకు ఒకసారి చూసుకోండి, దీపం ఆర్పడం, అన్నం, మిల్లు, పొద్దున చాయ్ అట్లా. ఇది కూడా స్టైనర్ చెప్పిందే. తీర్పు చెప్పడానికి కాదు, ఎవరో పక్కింటామె రోజును చూసినట్టు చూడటానికి. నిద్రకు ఇది మంచి మందు అని నా అనుభవం, సగం దాకా రాకముందే నేను గుర్రు పెడతాను.

మరిది సంగతి మీరు అడగలేదు, కానీ అడగాల్సింది అదే. అతని దగ్గరికి పోయి "నీ గురించి చెడు అనుకున్న, క్షమించు" అని చెప్పాలా అని ఒక చోట రాసి కొట్టేశారు. కొట్టేసిన గీత కింద కనబడుతోంది. చెబితే మీ మనసు ఒక పూట తేలికవుతుంది. కానీ ఆ మాట తోటికోడలు చెవిన పడుతుంది, ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఇక మీ కళ్లే అంటారు. మన ఊళ్లలో ఒక ఆడమనిషి మీద చేతబడి పేరు పడితే ఎంతదూరం పోతుందో నాకన్నా మీకే తెలుసు. అందుకని ఆ మాట మీ దగ్గరే ఉండనివ్వండి. పండ్లు పట్టుకుని పోయి పలకరించండి, కాలు ఎట్లా ఉందని అడగండి, మొహం చూడండి. అంతే.

పొలం మాట వేరు. ఆ రాత్రి మీకు వచ్చిన ఆలోచన చెడ్డదే కావచ్చు, కానీ దాని లోపల ఒక నిజం ఉంది: పంపకం సరిగా జరగలేదు. ధ్యానంలో ఆ ఆలోచనను అణచాలని చూస్తే ఆ నిజం కూడా అణిగిపోతుంది. ఇంటాయనా మీరూ కలిసి ఇద్దరు పెద్దమనుషుల నడుమ కూర్చుని, కాలువ పక్క మడిలో వాటా ఇవ్వకపోయినా నీళ్ల వంతన్నా రాసుకుందామని అడగండి. వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. మాటలు పెరగొచ్చు. అడగకపోతే ప్రతి కారుకీ ఎండిన మడి చూసినప్పుడల్లా అదే ఆలోచన మళ్లీ పుడుతుంది, దానికి మీరు మళ్లీ 11 లెక్కపెడతారు.

చివర్లో నాయిన పుస్తకాలకు చెద పట్టిందని, కాలువలో వేసేయాలా, ఉంచుకోవాలా అని రాశారు. ఉంచుకోండి. ట్రంకుపెట్టె ఖాళీ చేసి ఒకరోజు మంచి ఎండలో పెట్టండి. పుస్తకాలను నీడలో ఆరబెట్టి, ఎండిన వేపాకు నడుమ వేసి సర్దండి. పెట్టె నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద ఉంచండి. చెద తిన్న పేజీలు పోతే పోనీ. నాయిన ఎక్కడెక్కడ గీతలు గీశారో ఒకసారి చూడండి, భయపెట్టే పేజీల దగ్గర గీశారా, వేరే చోట గీశారా అని. నాకు తెలుసుకోవాలని ఉంది, రాయండి.